పై అరలో దొరకని రికార్డు

పొద్దున్నే కూరగాయలు తరగడం ఆవిడకి ఈమధ్య చేతకావడం లేదు. పెళ్లైన దగ్గర్నుంచీ తరుగుతున్న మనిషికి ఇప్పుడిదేం రోగమని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి కూడా సిగ్గు. ఇదివరకు ఆ పని ఆవిడ ఒక్కతే చేసేది కాదు మరి. ఫ్రిజ్ పక్కన ముక్కాలిపీట వేసుకుని ఆయన కూర్చునేవారు. ఎలక్ట్రిక్ గిటారుని కరెంటుకి తగిలించకుండా ఒళ్లో పెట్టుకుని టిక్కుటిక్కుమని మీటేవారు. అలా మీటితే పక్కింటికి వినబడదు, వంటింటికి సరిపోతుంది. ఏడు దెబ్బలు వేసి, చిటికెడంత ఆగి, మళ్లీ ఏడు. ఆవిడ కత్తి కూడా తెలియకుండానే ఆ నడకలో పడిపోయింది. బీన్స్ ఏడు ముక్కలు, ఆగు. మళ్లీ ఏడు ముక్కలు, ఆగు.

ఆయన పోయాక కూడా కత్తి ఏడింటికి ఆగుతోంది. ఆగి, అవతలి నుంచి ఏదో వస్తుందని ఎదురుచూస్తోంది. ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమంటుంది. ఒక్క మనిషి కూరకి పొద్దు సగం అక్కడే పోతోంది. "సంగీతం ఎలాగూ రాలేదు, ఉన్న వంట కూడా పోగొట్టుకున్నావా తల్లీ" అని ఆవిడ తనని తానే దెప్పుకుంటుంది.

ఆయన లిఫ్టు మెకానిక్కు. పగలంతా ఎవరెవరి మేడల్లోనో ఇరుక్కున్న లిఫ్టుల్లోంచి మనుషుల్ని బయటికి లాగేవారు. సాయంత్రం గోళ్లలో గ్రీజు పోయేదాకా సబ్బుతో తోముకుని గిటారు పట్టుకునేవారు. ఆయన వాయించేదాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారట, దాని పక్కింటిదాన్ని జాజ్ ఫ్యూజన్ అంటారట. పెళ్లైన కొత్తలో ఆయన ఆవిడని రిహార్సల్‌కి తీసుకెళ్లారు. టైలర్ షాపు వెనక గది. ఆవిడ కొత్త చీర కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు ఓపిగ్గా కూర్చుంది. చివరికి ఆయన చెవి దగ్గరకి వంగి అడిగింది.

"తీగలు సరిచేసుకోవడం అయిపోయిందా? ఇంక మొదలుపెడతారా?"

అప్పటికి వాళ్లు రెండు పాటలు పూర్తిగా వాయించేశారు. డ్రమ్స్ ముందున్న టైలర్ నవ్వాపుకోలేక పుల్లలు కింద పడేసుకున్నాడు. ఆ రోజు నుంచి అతను ఆవిడకి మరిది అయిపోయాడు, ఆవిడ అతనికి వదిన. ఆ తర్వాత ఆవిడ రిహార్సల్‌కి వెళ్లలేదు. తనవల్ల కళకి ఇంకా ఎక్కువ నష్టం జరగకూడదని ఇంట్లోనే ఉండిపోయిందని చెప్పుకునేది.

ఇంటికి మాత్రం వాళ్లే వచ్చేవాళ్లు. ఆదివారం ఆదివారం టైలర్, ఇంకా కీబోర్డు వాయించే కళ్లజోళ్ల షాపాయన. హాల్లో చెక్క అలమర ఒకటి ఉంది, రెండే అరలు. ఆయన కూడబెట్టిన రికార్డులన్నీ అందులోనే. పై అర అంటే గుడి అనుకోవాలి. అందులో ఉండేవాళ్లంతా గొప్ప గిటారు వాళ్లే, కానీ ఎవరికీ తెలియనివాళ్లు. పాట మొత్తాన్ని మోసి, పేరు మాత్రం పాడినవాడికి వదిలేసినవాళ్లు. వాళ్ల అసలు పేర్లు ఆవిడ నాలుకకి తిరగవు. అట్టల మీద బొమ్మల్ని బట్టి తనే పేర్లు పెట్టుకుంది. గోడవైపు తిరిగి వాయించేవాడు, స్వెట్టరాయన, పళ్లు నొప్పి ఉన్నట్టు మొహం పెట్టేవాడు. చివరికి మగవాళ్లు ముగ్గురూ కూడా ఆ పేర్లతోనే వాదించుకునేవాళ్లు.

"స్వెట్టరాయన ముందు నీ పళ్ల నొప్పాయన ఎంత?" అనేవారు ఆయన.

"అన్నా, ఆ మాట వెనక్కి తీసుకో. లేకపోతే నీ ప్యాంటు నేను కుట్టను" అనేవాడు టైలర్.

కింది అర పేరున్నవాళ్లది. పై అర నుంచి కిందికి దిగడానికి ఒక పరీక్ష ఉంది. అట్ట చూపించకుండా గిటారు ముక్క ఒకటి వేస్తారు. సంగీతంతో సంబంధం లేని మనిషి ఎవరైనా వింటూ, అడక్కుండానే, 'ఇది ఫలానా ఆయన కదా' అన్నాడంటే చాలు. పాలుపోసే మనిషి కావచ్చు, అద్దె కోసం వచ్చిన ఇంటాయన కావచ్చు. ఆ రికార్డు అప్పటికప్పుడు కిందికి దిగిపోతుంది. బయటివాళ్లు గుర్తుపట్టాక ఇంక మనం మొయ్యక్కర్లేదని ఆయన లెక్క. ఒకసారి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతను గుమ్మంలో నిలబడి ఒకాయన పేరు చెప్పేశాడు. ఆ ఆదివారం హాల్లో ఎవరూ సరిగ్గా టీ కూడా తాగలేదు. సంబంధం కుదిరి పిల్లని పంపించేసిన ఇల్లులా ఉంది.

పై అర దుమ్ము దులపడం ఆవిడ పని, ఏదీ బయటికి లాగకుండా పైపైన, పొడిగుడ్డతో. కింది అర ఆయనే తుడుచుకునేవారు, ఆవిడకి నడుం వంగదు కాబట్టి. పని అలా పంచుకున్నందుకు ఆవిడ ఎప్పుడూ సంతోషించేది. ఆ సంతోషమే తర్వాత కొంప ముంచింది.

వాళ్ల బ్యాండు కూడా ఒక రికార్డు వేసింది. ఒకే ఒక్కటి. అట్ట మీద బొమ్మ ఆయన పనిచేసే మేడలోనే తీశారు. పాడే అబ్బాయితో కలిపి నలుగురూ లిఫ్టులో నిలబడాలి, తలుపులు తెరిచి ఉండాలి, ఫొటోగ్రాఫరు బయటి నుంచి తియ్యాలి. కానీ ఆ తలుపులు ఊరికే మూసుకుపోతున్నాయి. ఏం చెయ్యాలో తెలిసినవాడు అక్కడ ఒక్కడే. ఆయన పక్కకి జరిగి, తలుపు అంచు పట్టుకుని ఆపారు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. అందులో ముగ్గురు మనుషులు, ఒక చెయ్యి. ఆ చెయ్యి ఆయనది.

ఒక పత్రిక ఆ రికార్డు గురించి నాలుగు ముక్కలు రాసింది. కీబోర్డుని మెచ్చుకుంది, డ్రమ్స్‌ని మెచ్చుకుంది, పాడిన అబ్బాయిని ఆకాశానికెత్తింది, లిఫ్టు బాగుందంది. గిటారు ఊసే లేదు. ఆవిడకి ఒళ్లు మండింది. ఆయన మాత్రం కాగితం పట్టుకుని వంటింట్లోకి పెళ్లికొడుకులా వచ్చారు.

"చూశావా? నా పేరే లేదు. ఇంక పై అరకి నాకు ఎవరూ అడ్డం చెప్పలేరు."

"అంత సంబరమైతే లిఫ్టుకి ఒక దండ తెచ్చి వేద్దాం" అంది ఆవిడ.

ఆ రికార్డులు అమ్ముడుపోలేదు. మిగిలిన కట్టలన్నీ షాపు వెనక గదిలో పైకప్పు కారి ఉబ్బిపోయాయి. టైలర్ తన కాపీని ఇస్త్రీ పెట్టె పక్కన పెడితే అది పళ్లెంలా వంగింది. కళ్లజోళ్లాయన తనది ఎవరికో వినమని ఇచ్చి, ఎవరికిచ్చారో మర్చిపోయారు. పాడిన అబ్బాయి తనదాంతో సహా ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. బాగున్నది ఒక్కటే, ఆయన దగ్గర ఉన్నది.

పోయిన వానాకాలంలో ఒక మేడలో లిఫ్టు బాగుచేసి, దాన్ని జనానికి వదిలేసి, ఆయన మెట్లు దిగుతూ మధ్యలో కూలబడ్డారు. మళ్లీ లేవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా మంచి మెకానిక్ అన్నారు. నిజమే. గిటారు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆయన ఉండి ఉంటే పొంగిపోయేవారని ఆవిడ అనుకుంది, అనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత కూతురు వచ్చి నాలుగు రోజులుంది. ఆవిడ స్టూలెక్కి దులపడం చూసి ఊరుకోలేకపోయింది.

"అమ్మా, నిజం చెప్పు. ఇందులో ఒక్కటైనా వింటావా నువ్వు?"

"వినను."

"మరి ఎందుకు ఈ దుమ్ములో దగ్గుకుంటూ? నాన్న స్నేహితులకి ఇచ్చెయ్యి. విలువ తెలిసినవాళ్లు."

ఆవిడ స్టూలు దిగింది. వినని మనిషి దాచుకోవడం, పళ్లులేని మనిషి చెరుకు దాచుకున్నట్టే కదా అనిపించింది. టైలర్‌కి కబురు పెట్టింది.

మరిదీ కళ్లజోళ్లాయనా వచ్చారు. ఇద్దరూ అలమర ముందు కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డారు. పై అరంతా అట్టపెట్టెల్లోకి సర్ది టైలర్ షాపుకి తీసుకెళ్లాలని, ఆదివారం కూర్చుని చూసుకోవాలని అనుకున్నారు.

"కిందివో?" అంది ఆవిడ.

"పేరున్నవాళ్లవి ఎక్కడైనా దొరుకుతాయి వదినా. పాత సామాన్ల షాపుకి పంపించేద్దాం."

"మీ అన్న రికార్డు?"

"అదెక్కడుంటుంది, పై అరలోనే. దానికంటే అర్హత దేనికుంది?" అన్నాడు టైలర్. కళ్లజోళ్లాయన కూడా తలూపారు. ముగ్గురిలో ఒక్కరూ తీసి చూడలేదు. వాళ్లకి పై అర మీద అంత నమ్మకం. ఆవిడకి సామాను ఎత్తేవాళ్లకి మంచినీళ్లు ఇచ్చే తొందర. పై అర పెట్టెలు టైలర్ షాపుకి, కింది అర కట్టలు పాత సామాన్ల షాపుకి రిక్షాల్లో వెళ్లిపోయాయి.

ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోబోతుంటే టైలర్ వచ్చాడు. మెడలో కొలతల టేపు అలాగే ఉంది.

"వదినా, కంగారు పడకు."

"నువ్వు ఆ మాట అన్నాక పడకుండా ఎలా?"

"పై అరలో అన్న రికార్డు లేదు. అన్ని పెట్టెలూ రెండుసార్లు చూశాం. గోడవైపు తిరిగినాయన ఉన్నాడు, స్వెట్టరాయన ఉన్నాడు. అన్న లేడు."

ఆవిడ కంచం మీద మూత పెట్టేసింది. ఆయన వాయించింది ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క రికార్డులోనే. ఫొటోలున్నాయి, చొక్కాలున్నాయి, ముక్కాలిపీట ఉంది. చప్పుడు మాత్రం ఎక్కడా లేదు. అది పోతే ఇంక కత్తి ఏడింటికి ఎందుకు ఆగుతుందో చెప్పే సాక్షి ఉండడు. చెప్పులేసుకుని మరిదికంటే ముందే వీధిలోకి దిగింది. చెరో రంగు చెప్పులని సగం దారిలో చూసుకుంది. వెనక్కి వెళ్లలేదు.

పాత సామాన్ల షాపు మెట్ల కింద గుహలా ఉంది. కుర్చీలు కుర్చీల మీద ఎక్కి కూర్చున్నాయి. కళ్లజోళ్లాయన అప్పటికే లోపల మోకాళ్ల మీద ఉండి, కళ్లజోడు నుదుటికెత్తుకుని పెట్టెలు వెతుకుతున్నారు. షాపతను గల్లాపెట్టె వెనక నుంచి లేవలేదు.

"ఎలా ఉంటుందమ్మా అట్ట?"

"లిఫ్టులో ముగ్గురు మగవాళ్లు నిలబడి ఉంటారు" అంది ఆవిడ.

"అందులో మీవారెవరు?"

"వాళ్లెవరూ కాదు. తలుపు అంచు దగ్గర ఒక చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి."

షాపతను ఆవిడ చెప్పుల వంక చూశాడు. తర్వాత టైలర్ వంక చూశాడు, ఈవిడ సంగతేమిటన్నట్టు.

"నేను మధ్యలో ఉంటాను" అన్నాడు టైలర్.

"అందులో మీకు జుట్టుందా?"

"ఉంది."

"అయితే మిమ్మల్ని చూసి ఏం గుర్తుపట్టను?"

పెట్టెలన్నీ చూశారు. పేరున్నవాళ్లంతా ఉన్నారు, ఆయన లేరు. ఆవిడ పక్కనున్న కుర్చీలో కూర్చోబోయింది. ఆ కుర్చీకి అడుగు లేదని టైలర్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

షాపతనికి అప్పుడు జాలేసిందో, గుర్తే వచ్చిందో. "లిఫ్టన్నారు కదా? ఒక్క నిమిషం" అని లేచాడు. కిటికీ పక్కన వేరే కట్ట ఉంది. "బొమ్మ బాగున్నవి పక్కన పెట్టాను. హోటలాయన సాయంత్రం వచ్చి తీసుకెళ్తాడు. అట్టలు గోడకి అంటించుకుంటాడట."

"మరి లోపలి రికార్డులు?"

"అవెవరిక్కావాలమ్మా. పారెయ్యమన్నాడు."

కట్టలో రెండోదే. ముగ్గురు జులపాల కుర్రాళ్లు లిఫ్టులో బిగుసుకుని నిలబడి ఉన్నారు. అంచున ఆ చెయ్యి. గోళ్లలో గ్రీజు ఫొటోలో కూడా తెలుస్తోంది. ఆవిడ కొంగుతో తుడిచింది, చెయ్యి ఉన్నచోట మాత్రమే.

"లోపల ఉందో లేదో చూసుకోండి, బాగుందో లేదో కూడా" అన్నాడు షాపతను. అతనే తీసి అక్కడున్న ప్లేయరు మీద పెట్టాడు. కాసేపు గరగర. తర్వాత సంగీతం వచ్చింది.

"కీబోర్డు బాగుందే" అన్నాడు షాపతను. కళ్లజోళ్లాయన నేల మీద ఉన్నవారల్లా లేచి కాలరు సర్దుకున్నారు. షాపతను చెవి దగ్గరగా పెట్టాడు. "కానీ గీత పడిందండీ. వెనకాల టిక్కుటిక్కుమంటోంది, వినండి."

"అది గీత కాదు" అన్నాడు టైలర్. "గిటారు."

"గిటారు అలా ఉంటుందా?" అతను నమ్మలేదు. వినడానికి సౌండు బాగా పెంచాడు. ఏడు దెబ్బలు, ఆగుడు, మళ్లీ ఏడు. ఆ ఆగిన చోటల్లా ఆవిడ కుడిచెయ్యి గాలిలో ఆగింది. తర్వాత ఆ టిక్కుటిక్కు మెల్లగా విప్పుకుని పైకి లేచి, షాపు నిండా పరుచుకుంది.

"ఆయనే" అంది ఆవిడ. "ఆయనే కదా. కాస్త తగ్గించండి."

అని, నాలుక కరుచుకుంది. ఈ మాట తను ఇదివరకు అంది. ఇదే మాట, ఇదే గొంతుతో. ఆ రోజు సింకు నిండా గిన్నెలున్నాయి. హాల్లో ఆయన ఏదో రికార్డు వేశారు. ఆవిడ వెనక్కి తిరక్కుండానే గట్టిగా అరిచింది, "ఇది మీరే కదా, కాస్త తగ్గించండి" అని. ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. తగ్గించలేదు. మొహం వెలిగిపోతోంది. ఇంత చెప్పినా సిగ్గులేకుండా నవ్వుతున్నారని ఆవిడ సబ్బు నురగ ఆయన మీద విదిలించింది.

ఆ సంగతి వాళ్లిద్దరికీ చెప్పింది. షాపతను కూడా విన్నాడు, వద్దన్నా.

టైలర్ మెడలో టేపు లాగి వదిలాడు. "అంటే అన్న ఆ రోజే కిందికి దించేసుకున్నాడా తన రికార్డుని? మాకు ఒక్క మాట చెప్పకుండా?"

"చెప్తే నువ్వు ఒప్పుకుంటావా?" అన్నారు కళ్లజోళ్లాయన. "ఇంట్లోవాళ్లు లెక్కలోకి రారని గొడవ చేసేవాడివి."

"చేసేవాణ్నే. రారు కదా మరి."

"ఇంట్లో, బయటా అని రూలు లేదు. సంగీతం బొత్తిగా తెలియని మనిషై ఉండాలి, అంతే."

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ రికార్డు అట్టని గుండెకి ఆనించుకుని, చెరో రంగు చెప్పులతో నిలబడి ఉంది.

"ఆ అర్హతకైతే నాకు పోటీ ఎవరూ లేరు" అంది.

కళ్లజోళ్లాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. షాపతను డబ్బు వద్దన్నాడు. "హోటలాయన అట్టకే ఇస్తాడు, మీకేమో అట్టతో పని లేదు, చేతితోనే పని" అన్నాడు. అతని లెక్క ఎవరికీ అర్థం కాలేదు, కానీ మంచిగానే అన్నాడు.

దారిలో టైలర్ బతిమాలాడు. "వదినా, కిందా పైనా వదిలెయ్. పై అరలో పెడదాం. గౌరవం."

"వద్దు. మీ అన్న ఎక్కడ పెట్టుకున్నారో అక్కడే" అంది ఆవిడ. "ఆ పెట్టెలు కూడా రేపు తెచ్చి ఇచ్చెయ్యి. దగ్గు వస్తే వస్తుంది."

"నువ్వు వినవు కదా?"

"తిట్టడానికైనా వినాలి కదా మరిదీ."

ఇంటికొచ్చేసరికి కంచం మీద మూత అలాగే ఉంది. ఆవిడ అన్నం తింది, చల్లారిపోయినా. తిన్న కంచం, కూర గిన్నె, మంచినీళ్ల గ్లాసు, పాల గిన్నె అన్నీ సింకులో చేరాయి. మామూలుగా అయితే చెయ్యి కడుక్కోకముందే తోమేసేది. సింకులో గిన్నె ఉంటే ఆవిడకి ఇల్లు ఇల్లులా ఉండదు. పెళ్లైన దగ్గర్నుంచీ ఆయన ఏది వాయించినా ఆవిడ వీపే విన్నది, చేతులు ఎప్పుడూ కత్తి మీదో సింకులోనో ఉండేవి.

కొళాయి తిప్పింది, గిన్నెలు తడిసేంతవరకు. తర్వాత కట్టేసింది.

ముక్కాలిపీట వంటింట్లోంచి తెచ్చి హాల్లో ప్లేయరు ముందు వేసుకుంది. ముల్లు ఎలా పెట్టాలో చేతకాక రెండుసార్లు పాట మధ్యలో పడేసింది. మూడోసారి మొదట్లోనే పడింది. కీబోర్డు వచ్చింది, డ్రమ్స్ వచ్చాయి, పాడే అబ్బాయి వచ్చి చాలాసేపు ఉన్నాడు. ఆవిడ వాళ్లందరినీ పోనిచ్చింది. వాళ్ల వెనకాల టిక్కుటిక్కు మొదలైంది.

గోడ అవతల నుంచి పక్కింటావిడ గొంతు వినబడింది. "పిన్నిగారూ, కాస్త తగ్గిస్తారా?"

ఆవిడ లేవలేదు. సింకులో గిన్నెలు నానుతూనే ఉన్నాయి.